బ్రహ్మకమలం చూడాలన్న అమ్మను పూలలోయకు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. అమ్మకు 63 ఏళ్లు. ఇంట్లో కుండీలో బ్రహ్మకమలం పెంచుతుంది. అది పూసిన రాత్రి ఇరుగుపొరుగు వాళ్లందరినీ పిలిచి చూపించి, హారతి ఇస్తుంది. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూస్తుందని ఎవరో చెప్పినప్పటి నుంచి ‘ఒక్కసారి కళ్లారా చూడాలే’ అంటోంది. ఆగస్టు రెండో వారంలో ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కు తీసుకెళ్దామని ఒక ట్రావెల్స్ వాళ్లను అడిగాను. హరిద్వార్ నుంచి ఆరు రోజుల్లో పూలలోయ, హేమకుండ్, బదరీనాథ్ అన్నీ చూపించి తెస్తామంటున్నారు. అమ్మకు బీపీ ఉంది, మాత్రలు వాడుతోంది. మోకాళ్లు కొంచెం నొప్పి. మాతోపాటు పదకొండేళ్ల మా బాబు కూడా వస్తాడు. మావారేమో వానాకాలంలో ఆ కొండలు విరిగిపడుతుంటాయి, ముసలావిడను, పిల్లాడిని తీసుకుని అక్కడికెందుకు అంటున్నారు. టీవీలో వరదలు చూసినప్పుడల్లా నాకూ టెన్షన్‌గానే ఉంది. వెళ్లమంటారా, మానుకోమంటారా?

జవాబు: వెళ్లండి. కానీ ఆ తేదీల్లో వద్దు, ఆ ప్యాకేజీలో అసలే వద్దు.

ముందుగా మీకు ఎవరూ చెప్పని విషయం ఒకటి చెప్పాలి. మీ అమ్మగారు చూడాలనుకుంటున్న పువ్వు పూలలోయలో మీరు నడిచే దారి పక్కన కనిపించదు. అది ఇంకా ఎత్తున, చెట్లన్నీ అయిపోయాక రాళ్ల సందుల్లో పూస్తుంది. యాత్రికులు దాన్ని చూసేది పక్కనే కొండ మీద సిక్కుల గురుద్వారా ఉన్న హేమకుండ్ సాహిబ్ దారిలో, అదీ ఆ దారి పై భాగంలో. పూలలోయకైనా, హేమకుండ్‌కైనా ఘాంఘరియా అనే ఊళ్లోనే బస చేయాలి. ఊరు దాటి కొద్ది దూరం వెళ్లాక దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు లోయ, కుడివైపు పైకెక్కితే హేమకుండ్. ఇది తెలియక ఎంతోమంది లోయ ఒక్కటీ చూసి, బ్రహ్మకమలం ఎక్కడా కనబడలేదే అని వెనక్కి వస్తుంటారు. మీ అమ్మగారి విషయంలో అలా జరగకూడదు. కాబట్టి మీ ప్రయాణానికి హేమకుండ్ రోజే ముఖ్యమనుకుని, మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకుందాం.

మన కుండీల్లో రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి వాలిపోయేది మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన ఒక కాక్టస్ జాతి మొక్క. దాని అందం దానిది. హిమాలయాల బ్రహ్మకమలం చామంతి కుటుంబానికి చెందింది. మూరెడు ఎత్తు కూడా ఉండని కాడ, దాని పైన పల్చటి కాగితంలాంటి లేత పసుపు రేకులు దొప్పలా ముడుచుకుని ఉంటాయి. వంగి లోపలికి చూస్తే ముదురు ఊదారంగులో చిన్న చిన్న పూలు గుత్తిగా కనిపిస్తాయి. నిజానికి పువ్వు అదే, పైనున్న రేకులు దానికి చలి తగలకుండా కాచే తొడుగు. వాసన కూడా ఘాటుగా ఉంటుంది. రాత్రి మేల్కొని కూర్చోవాల్సిన పని లేదు, పట్టపగలే చూడొచ్చు. ఇది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. బదరీనాథ్‌లో, కేదార్‌నాథ్‌లో స్వామికి సమర్పిస్తారు. అయితే మనం మాత్రం కోయకూడదు. ఈ మాట అమ్మగారికి ఇంటి దగ్గరే చెప్పి ఉంచండి. పూజకు ఒక్కటి తీసుకుందామని ఆవిడకు తప్పకుండా అనిపిస్తుంది. అక్కడ కాదనాలంటే మీకు కష్టంగా ఉంటుంది.

ఇక తేదీల సంగతి. లోయ జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకు తెరిచి ఉంటుంది. జూన్‌లో మంచు కరుగుతూ ఉంటుంది, పూలు అప్పుడప్పుడే మొదలవుతాయి. జులై సగం నుంచి ఆగస్టు సగం దాకా లోయ నిండుగా పూస్తుంది. అందుకే అందరూ ఆగస్టు మొదటి, రెండో వారాలు చెబుతారు. వానలు ముమ్మరంగా ఉండేదీ అప్పుడే. ఆ వాన లేకపోతే ఆ పూలు లేవు కాబట్టి, నిండు పూతా కావాలి, పొడి రోడ్లూ కావాలి అంటే కుదరదు. కానీ మీ అమ్మగారికి కావలసింది బ్రహ్మకమలం. అది ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా బాగా ఉంటుంది. అందుకని ఆగస్టు ఆఖరి వారంలో బయల్దేరి సెప్టెంబరు మొదటి వారంలో తిరిగొచ్చేలా పెట్టుకోమంటాను. వాన పూర్తిగా పోదు, కొంత తగ్గుతుంది. లోయలో కొన్ని పూలు అయిపోతాయి, మిగతావి ఉంటాయి. మబ్బు విడిచి కొండలు కనిపించే పూటలు పెరుగుతాయి. బాబుకు స్కూలు పోతుందని దసరా సెలవులకు పెట్టుకుంటే మాత్రం ఎండిన గడ్డి చూసి రావలసి వస్తుంది.

మీవారి భయాన్ని తేలిగ్గా తీసుకోను. 2013 జూన్ 16, 17 తేదీల్లో వచ్చిన వరదలు కేదార్‌నాథ్‌ను ముంచేసిన సంగతి అందరికీ తెలుసు. అదే వరదలో ఈ ఘాంఘరియా దారి కూడా కొట్టుకుపోయింది, ఆ దారిలోని భ్యూందార్ ఊరు ధ్వంసమైంది. 2021 ఫిబ్రవరి 7న, వాన లేని కాలంలో, ఇదే చమోలీ జిల్లాలో రిషిగంగ పొంగి రెండు వందల మందికి పైగా చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. 2025 ఆగస్టు 5న ఉత్తరకాశీ జిల్లా ధరాలీని వరద ఎలా ముంచేసిందో టీవీలో చూసే ఉంటారు. ఆయన భయానికి ఆధారం ఉంది. దానికి మన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: చేతిలో ఎక్కువ రోజులు ఉంచుకోవడం. చమోలీ జిల్లాకు వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ గానీ, రెడ్ అలర్ట్ గానీ ఇచ్చిందంటే ఆ రోజు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగిపోవాలి. ఆగాలంటే రోజులు ఉండాలి. రోజుల్లేనివాళ్లు రైలు తప్పిపోతుందని డ్రైవర్‌ను తొందరపెట్టి, కొండ మీది నుంచి రాళ్లు జారుతున్న చోట కూడా దాటేయమంటారు. ప్రమాదం ఎక్కువగా ముంచుకొచ్చేది అలాంటప్పుడే.

అందుకే ఆ ఆరు రోజుల ప్యాకేజీ నాకు నచ్చలేదు. హరిద్వార్ నుంచి, ఘాంఘరియా దారి మొదలయ్యే గోవింద్‌ఘాట్‌కు దాదాపు 300 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మన లెక్కలో ఐదారు గంటలు అనిపిస్తుంది, అక్కడ రోజంతా పడుతుంది. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ దాటుకుంటూ అలకనంద పక్కనే వెళ్లాలి. రుద్రప్రయాగకు ముందు సిరోబగడ్, బదరీనాథ్‌కు ముందు లాంబగడ్ లాంటి చోట్ల వానొస్తే కొండ జారుతూనే ఉంటుంది. జేసీబీలు పక్కనే పెట్టుకుని మట్టి తీస్తుంటారు. ఒక్కోసారి గంటలో తీసేస్తారు, ఒక్కోసారి పూట పడుతుంది, ఒక్కోసారి మర్నాటికి గానీ దారి ఇవ్వరు. ఆ ప్యాకేజీలో ఒక్క పూట ఎక్కడ ఆగినా ముందుగా ఎగిరిపోయేది హేమకుండే. అంటే మీ అమ్మగారి పువ్వే.

నేనైతే పది రోజులు పెట్టుకుంటాను, క్రమం కూడా మారుస్తాను. అందరూ బదరీనాథ్‌ను ఆఖర్న పెడతారు. మీరు ముందు పెట్టుకోండి. ఎందుకంటే బదరీనాథ్ ఎత్తు దాదాపు 3,100 మీటర్లు, ఘాంఘరియా కూడా ఇంచుమించు అంతే. తేడా ఏమిటంటే బదరీనాథ్‌కు కారు వెళ్తుంది, ఘాంఘరియాకు వెళ్లదు. పల్చటి గాలి అమ్మగారికి పడుతుందో లేదో తెలుసుకోవడానికి కారు పక్కన ఉన్న చోటు కంటే మంచిది లేదు. పడకపోతే గంటన్నర, రెండు గంటల్లో జోషీమఠ్‌కు దిగిపోవచ్చు. అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఘాంఘరియాలో రాత్రి పూట ఆయాసం మొదలైతే నడకో, గుర్రమో, మనుషుల భుజాలో తప్ప ఇంకో దారి లేదు.

మొదటి రోజు తెల్లవారుజామున హరిద్వార్‌లో బయల్దేరి చీకటి పడేలోపు పీపల్‌కోటి చేరి ఆగండి. రెండో రోజు బదరీనాథ్. మూడో రోజు కూడా అక్కడే ఉండండి. పొద్దున దర్శనం, సాయంత్రం మెల్లగా మాణా గ్రామం చూసి రావడం, అంతకు మించి ఏమీ పెట్టుకోవద్దు. దారిలో హనుమాన్ చట్టీ వస్తుంది. సౌగంధిక పుష్పం కోసం బయల్దేరిన భీముడికి ఆంజనేయస్వామి తోక అడ్డంపెట్టింది ఇక్కడేనని అక్కడివాళ్ల నమ్మకం. పువ్వు కోసం కొండలెక్కుతున్న అమ్మగారికి ఆ గుడి దగ్గర కాసేపు ఆగడం బాగుంటుంది. నాలుగో రోజు వెనక్కి గోవింద్‌ఘాట్ దిగి, అక్కడి నుంచి జీపులో నాలుగు కిలోమీటర్లు పైకి పుల్నా వెళ్లి, ఘాంఘరియా ఎక్కండి. ఐదో రోజు లోయ. ఆరో రోజు విశ్రాంతి. ఏడో రోజు హేమకుండ్. ఎనిమిదో రోజు దిగి జోషీమఠ్, తొమ్మిదో రోజు హరిద్వార్. పదో రోజు దేనికీ కేటాయించకండి. ఐదు నుంచి ఏడు దాకా ఉన్న ఈ మూడు రోజుల్ని వాతావరణాన్ని బట్టి అటూఇటూ మార్చుకోండి. తెల్లారి లేచేసరికి ఆకాశం తేటగా ఉంటే ఆ రోజు హేమకుండ్‌కు ఇచ్చేయండి, ఒక్కటే షరతు: ఘాంఘరియాలో కనీసం ఒక రాత్రి నిద్రపోయి, తలనొప్పి లేకుండా లేచి ఉండాలి.

పుల్నా నుంచి ఘాంఘరియా సుమారు 10 కిలోమీటర్లు. రాళ్లు పరిచిన దారి, ఎక్కుడు. మీరూ, బాబూ నడవండి. అమ్మగారికి గుర్రం మాట్లాడండి. గుర్రమంటే సుఖమైన ప్రయాణమనుకోకండి. మూడు నాలుగు గంటలు కాళ్లు వేలాడేసి కూర్చుంటే నడుము పట్టేస్తుంది. గంటకోసారి దింపి పది అడుగులు వేయించండి. ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనక్కి వాలాలి. ఈ చిన్న మాట తెలియక చాలామంది పడతారు. వీపు మీద పుండ్లున్న, కుంటుతున్న జంతువును మాత్రం ఒప్పుకోకండి. ఇంకొకటి ఇవ్వమని గట్టిగా అడగండి, అది అమ్మగారి క్షేమం కోసమూ, దాని కోసమూ.

నడిచే మీకు ఆ దారిలో అసలు ప్రమాదం లోయలోకి చూస్తే కళ్లు తిరగడం కాదు, ఎదురొచ్చే గుర్రాలు. వానకు రాళ్లు నున్నబడి ఉంటాయి, పైన పేడ, బురద. ఎదురుగా సిలిండర్లు మోసుకుంటూ గుర్రం దిగుతుంటుంది. దానికి తన వీపు మీది బరువు ఎంత వెడల్పు ఉందో తెలియదు. అప్పుడు మీరు కొండ వైపు గోడకు ఆనుకుని నిలబడాలి, అంచు వైపు ఎప్పుడూ నిలబడకూడదు. బాబుకు ఇది పుల్నాలోనే చెప్పి, మొదటి అరగంట చెయ్యి పట్టుకుని అలవాటు చేయించండి.

హేమకుండ్ దారి ఇంకా కష్టం. ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. నాలుగు వేల మీటర్ల ఎత్తు దాటిపోతారు. కానీ మీకు అనుకూలమైన సంగతి ఏమిటంటే, ఆ దారిలో దాదాపు పైదాకా గుర్రాలు వెళ్తాయి. లోయలోకి గుర్రాలను రానివ్వరు. అంటే చదునుగా ఉండే లోయ కంటే నిటారుగా ఉండే హేమకుండే మీ అమ్మగారి మోకాళ్లకు సులువు. పొద్దున ఆరింటికల్లా బయల్దేరండి. ఆఖర్లో వెయ్యికి పైగా మెట్లున్న అడ్డదారి ఒకటి కనిపిస్తుంది, అటు పోకండి, గుర్రాల దారిలోనే వెళ్లండి. ఆ పై భాగంలోనే రాళ్ల మధ్య బ్రహ్మకమలాలు కనబడతాయి. గుర్రం ఆపించి అమ్మగారిని దింపండి. అయితే చెయ్యి పట్టుకుని దారి మీది నుంచే చూపించండి. పక్కన తడిసిన గడ్డి బాగా జారుతుంది.

పైన సరస్సు, చుట్టూ ఏడు శిఖరాలు. గురు గోవింద్ సింగ్ పూర్వజన్మలో తపస్సు చేసిన చోటు అదేనని సిక్కుల విశ్వాసం. పక్కనే లక్ష్మణుడి గుడి ఉంది, అక్కడివాళ్లు లోక్‌పాల్ అంటారు. రాములవారి గుళ్లో తప్ప లక్ష్మణుడికి విడిగా గుడి మనకు అరుదు కదా, అమ్మగారికి తప్పకుండా చూపించండి. గురుద్వారాలో తలకు గుడ్డ కట్టుకుని వెళ్లాలి. అందరికీ వేడి వేడి కిచిడీ, టీ ఇస్తారు, మొహమాటపడకుండా తినండి. ఆ చలిలో అదే మందు. సరస్సులో స్నానం మాత్రం అమ్మగారి చేత చేయించకండి. నీళ్లు తల మీద చల్లుకుంటే చాలు. బీపీ ఉన్న మనిషికి ఆ మంచు నీళ్లలో మునక మంచిది కాదు. పైన రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నానికల్లా దిగడం మొదలుపెట్టాలి.

ఇక పూలలోయ. చెక్‌పోస్ట్ దగ్గర అటవీ శాఖ టికెట్ తీసుకోవాలి, ఉదయం 7 గంటలకు లోపలికి పంపుతారు, సాయంత్రం 5 లోపు బయటికి వచ్చేయాలి. లోపల కొట్టు లేదు, టీ లేదు, టాయిలెట్ లేదు, రాత్రి బస లేదు. ఆలూ పరాఠాలు, నీళ్లు ఘాంఘరియా నుంచే తీసుకెళ్లాలి. మొదట పుష్పావతి నది మీద వంతెన దాటాక భోజపత్ర చెట్ల మధ్య మలుపులు తిరుగుతూ ఎక్కుడు ఉంటుంది. ఆ తర్వాత లోయ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి దారి దాదాపు చదునే. అమ్మగారు కూడా రావాలనుకుంటే వీపు మీద బుట్టలో కూర్చోబెట్టుకుని మోసే కండీ మనుషులు దొరుకుతారు. మనిషి మీద ఎక్కడమేంటని ఆవిడ బాధపడొచ్చు. వాళ్లకు అదే జీవనాధారం. నిటారు చోట బుట్టలో కూర్చుని, చదునుగా ఉన్న చోట దిగి నడిస్తే ఇద్దరికీ బాగుంటుంది. మాట్లాడుకున్న డబ్బు మీద ఇంకొంచెం చేతిలో పెట్టండి. ఆవిడ రానంటే బలవంతం చేయకండి. ఆ రోజు ఘాంఘరియాలో విశ్రాంతి తీసుకుంటే హేమకుండ్‌కు ఓపిక మిగులుతుంది.

లోయ గురించి ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. ఫోటోల్లో చూసినట్టు రంగురంగుల తివాచీ అని ఊహించుకుని వెళ్తే కొంచెం నిరాశ పడతారు. చాలా పూలు గోరంత ఉంటాయి. నిలబడి చూస్తే పచ్చదనమే కనిపిస్తుంది, కూర్చుంటే పూలు కనిపిస్తాయి. బాబు చేతికి భూతద్దం ఒకటి ఇవ్వండి. పడగ విప్పిన పాములా ఉండే కోబ్రా లిల్లీని వాడు ఇట్టే పట్టేస్తాడు. నీలి గసగసాల పువ్వు, బ్లూ పాపీ, దొరికితే అదృష్టం. కాడ నిండా సన్నటి ముళ్లు, వాటి మధ్య పట్టుబట్టలాంటి నీలి రేకులు, నడుమ పసుపు కేసరాలు. ఆగస్టు చివరికి అది చాలావరకు అయిపోతుంది గానీ రాళ్ల పక్కన ఆలస్యంగా పూసినవి ఒకటీ అరా ఉంటాయి.

వాడికి చెప్పడానికి కథలు కూడా ఉన్నాయి. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఈ లోయలోకి దిగాడు. 1937లో పూల కోసమే మళ్లీ వచ్చి ఉన్నాడు. ఆయన రాతల వల్లే బయటి ప్రపంచానికి ఈ చోటు తెలిసింది. 1939లో జోన్ మార్గరెట్ లెగ్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు పూలు సేకరిస్తూ కాలు జారి ఇక్కడే చనిపోయారు. ఆమె సమాధి లోయలోనే ఉంది, నడవగలిగితే చూసి రండి. 1982లో దీన్ని జాతీయ పార్కు చేశారు, 2005లో నందాదేవి పార్కుతో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

స్మైత్ లోయను కనిపెట్టాడని కొందరు రాస్తుంటారు, అది నాకు ఒప్పుకోబుద్ధి కాదు. భ్యూందార్, పుల్నా మనుషులు తరతరాలుగా తమ గొర్రెలు, మేకలు ఆ లోయలోకి తోలుకెళ్లి మేపేవారు. పార్కు అయ్యాక 1983లో మేత ఆపేశారు. ఆ తర్వాత మనిషి ఎత్తు పెరిగే పొలిగోనమ్ అనే మొక్క లోయలో చాలా మేర కమ్మేసి చిన్న పూలకు చోటు లేకుండా చేస్తోంది. మేత ఆపడం వల్లే ఇలా అయిందని కొందరు శాస్త్రజ్ఞులు, కాదని కొందరు వాదిస్తూనే ఉన్నారు. అటవీ శాఖ మనుషులను పెట్టి దాన్ని పీకిస్తోంది. ఆ పశువుల బదులు ఇప్పుడు ఆ ఊళ్లవాళ్లకు ఆధారం యాత్రికులే. గుర్రాలు, టీ కొట్లు, గదులు, దారి పొడవునా మనం పారేసే ప్లాస్టిక్ ఏరడం, అన్నీ వాళ్లే చేస్తున్నారు. కాబట్టి గోవింద్‌ఘాట్‌లో అమ్మే పల్చటి ప్లాస్టిక్ వానకోట్లు కొనకండి. రెండో రోజుకే చినిగి దారి పక్కన పడి ఉంటాయి. రాజమండ్రిలోనే మంచి రెయిన్‌కోట్లు, ప్యాంటుతో సహా, ముగ్గురికీ కొనండి. చాక్లెట్ కాగితాలు, చిప్స్ కవర్లు మీ సంచిలోనే తిరిగి రావాలి.

బట్టల్లో జీన్స్, నూలువి తగ్గించండి. అక్కడ తడిస్తే ఆరవు. అమ్మగారు చీర తప్ప కట్టరంటే కనీసం ఆ మూడు నాలుగు రోజులకైనా పంజాబీ డ్రెస్సుకు ఒప్పించండి. గుర్రమెక్కడానికి చీర పనికిరాదు, తడిసిన కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. లోపల వేసుకోవడానికి ఊలు బనీను, ఊలు లెగ్గింగ్స్, మూడు నాలుగు జతల సాక్సులు, కోతిటోపీ. బూట్లు కొత్తవి వద్దు. ఇప్పుడే కొని రోజూ వేసుకుని అరిగించండి. చేతికర్ర ముఖ్యం. మోకాళ్ల నొప్పి ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే తెలుస్తుంది.

ఒంటి సంగతి ఇంకా ముఖ్యం. టికెట్లు కొనకముందే అమ్మగారిని వాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, నాలుగు వేల మీటర్ల ఎత్తుకు వెళ్తున్నామని స్పష్టంగా చెప్పండి. యాత్రకు వెళ్తున్నామంటే సరేననేస్తారు, ఎత్తు చెబితే ఈసీజీ చూస్తారు, బీపీ మాత్రలు సరిచూస్తారు. అసిటజోలమైడ్ మాత్ర ఎత్తు జబ్బు రాకుండా వాడతారు. అది అందరికీ పడదు, సల్ఫా అలర్జీ ఉన్నవాళ్లకు జాగ్రత్త అవసరం. డాక్టరు రాస్తేనే వేయండి. ఆయన వద్దంటే హేమకుండ్ మానుకోండి. అప్పుడు బదరీనాథ్ దర్శనంతో యాత్ర ముగించుకుని రావచ్చు. సరేనంటే ఆ రోజు నుంచే రోజూ గంట నడక మొదలుపెట్టించండి. గోదావరి గట్టు పక్కనే ఉంది కదా, పొద్దున్నే మీరూ తోడు వెళ్లండి.

పైకి వెళ్లాక తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఎత్తు వల్ల వచ్చేవే. అవి తగ్గేదాకా అంతకంటే పైకి వెళ్లకూడదు. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడకలో తూలుతున్నా, మాట తికమకగా ఉన్నా ఇంక ఆలోచించొద్దు, వెంటనే కిందికి దిగాలి. డబ్బులు కట్టేశామనో, ఇంత దూరం వచ్చామనో ఆగొద్దు. మీ అమ్మగారు నొప్పి దాచుకునే రకమైతే, మన అమ్మలు చాలామంది అంతే కాబట్టి, ‘బానే ఉన్నాను’ అన్న మాట నమ్మకండి. తిన్న అన్నం ఎంతో చూడండి, వరసగా పది అడుగులు తిన్నగా వేస్తున్నారో లేదో చూడండి. మాత్రలు రెండు వేరు వేరు సంచుల్లో పెట్టండి, గుర్రం మీద వెళ్లిన సంచి ఒక్కోసారి మీకంటే రెండు గంటలు ముందో వెనకో చేరుతుంది.

రాజమండ్రి నుంచి ఢిల్లీకి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది, అక్కడి నుంచి హరిద్వార్ నాలుగైదు గంటలు. తిరుగు టికెట్లు పదో రోజు దాటాకే చేయించండి. బదరీనాథ్‌కూ, హేమకుండ్‌కూ ఉత్తరాఖండ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముగ్గురి పేర్లూ నమోదు చేయించాలి, ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. జోషీమఠ్‌లోనే సరిపడా నగదు తీసుకోండి, పైన ఏటీఎం మీద, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. సిగ్నల్ దొరక్కపోవచ్చని మీవారికి ముందే చెప్పండి, లేకపోతే ఇక్కడ ఆయన కంగారుపడతారు. గదులు తీసుకునేటప్పుడు నది అంచున ఉన్నవి వద్దనండి, ఆ శబ్దం, ఆ అందం ఎంత బాగున్నా సరే. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు ప్రయాణం వద్దు. ట్రావెల్స్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ పది రోజుల ప్లాన్ కాగితం మీద రాసిచ్చి, ఆగిపోయిన రోజుకు కారు, గది ఖర్చు ఎంతో ముందే రాయించుకోండి. కుదరదంటే ఇంకొకరిని చూసుకోండి.

ఇంకొక్కటి. మీకు వీలైతే మీవారినీ రమ్మనండి. ఘాంఘరియా దారిలో బాబును ఒకరు, అమ్మగారి గుర్రాన్ని ఒకరు కనిపెట్టుకోవాలి. ఇద్దరు పెద్దవాళ్లుంటే, అవసరమొస్తే ఒకరు అమ్మగారితో దిగిపోవచ్చు, ఇంకొకరు బాబుతో ఉండొచ్చు. ఒక్కరే అయితే ఆ వీలుండదు. జాగ్రత్త ఎక్కువ ఉన్న మనిషి కాబట్టి రోజూ పొద్దున వాతావరణ హెచ్చరిక చూసి, కదలాలా ఆగాలా అని తేల్చే పని ఆయనకే అప్పజెప్పండి.